బిర్యానీ గుండిగ కింద పన్నెండు చేపలు

వృత్తిరీత్యా జయరాజు ఆస్పత్రి ల్యాబులో రక్తం పరీక్షించేవాడు. ప్రవృత్తి ఏమిటన్నది అమెరికాలో షికాగో దగ్గరి నేపర్‌విల్ వచ్చిన ఆరో ఏట గాని బయటపడలేదు. 1983 వేసవిలో ఆయన పెరట్లో నాలుగడుగుల గొయ్యి తవ్వి, ప్లాస్టిక్ పరిచి, నీళ్లు నింపి, పన్నెండు ఎర్రచేపలను సగౌరవంగా ప్రవేశపెట్టాడు. భీమవరం వైపు పుట్టినవాడికి చెరువు గురించి ఒకరు చెప్పాలా? చెప్పాల్సే వచ్చింది. భీమవరంలో చెరువు గడ్డకట్టిన దాఖలాలు లేవు.

"పులుసుకి పనికొస్తాయా?" అని భార్య విమలకుమారి మొదటిరోజే విచారించింది.

"చూసుకోడానికి, విమలా."

"చూస్తే కడుపు నిండుద్దా?"

డిసెంబరులో చెరువు మీద మంచు పలక కట్టింది. దాని కింద ఏం జరుగుతోందన్న ఆలోచన జయరాజును అన్నం తిననివ్వలేదు. లైబ్రరీ పుస్తకం కాస్త ఊరటనిచ్చింది. చలికి చేప అడుక్కు చేరి, మేత మాని, ఉండీలేనట్టు ఊపిరి తీస్తూ బతుకుతుందట. అయితే లోపలి చెడుగాలి పోవడానికి మంచులో కంత ఉండాలి. సుత్తితో కొట్టరాదు, ఆ అదురుకే చేప చస్తుంది. మరిగే నీళ్ల గిన్నె పెట్టి కరిగించాలి.

పుస్తకం రాసినాయన ఉద్దేశం చిన్న గిన్నె అయి ఉంటుంది. జయరాజుకు అది పిసినారితనంగా తోచింది. తెలుగు చర్చిలో యాభై మందికి బిర్యానీ వండే గుండిగ ఆయన గరాజ్‌లోనే ఉండేది. క్రిస్మస్ ముందురోజు దాన్ని వేణ్ణీళ్లతో నింపి, మంచు మీద నిలిపి, పాటల ప్రాక్టీసుకు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గుండిగ జానెడు లోతు దిగి, లోపలి నీళ్లతో సహా బిగుసుకుపోయింది.

పండగ పొద్దున గుండిగ కోసం సంఘపెద్ద దైవాశీర్వాదం గారు వచ్చారు. పరిస్థితి కళ్లారా చూశారు.

"సుత్తి తే, బ్రదర్. నాలుగు దెబ్బలేస్తే వచ్చేస్తది."

"చేపలు చస్తాయండీ."

"రెండు చేపల్తో అయిదు వేల మందికి పెట్టారు ప్రభువు. నీ దగ్గర పన్నెండున్నాయి. నన్ను మాట్లాడించకు."

"కొట్టాలంటే ముందు నన్ను కొట్టండి" అన్నాడు జయరాజు. సంఘ చరిత్రలో పెద్దాయనకు ఎవరూ అలా ఎదురు చెప్పలేదు.

కిచెన్ తలుపులోంచి విమలకుమారి కేక పెట్టింది. "ఏవండీ, స్టవ్ మీద నాలుగు పొయ్యిలూ వెలిగించాను. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకోకుండా వచ్చి నీళ్లు మొయ్యండి!"

ఇద్దరూ మోశారు. ఎనిమిదో విడతకు గుండిగ మూలిగింది. తొమ్మిదో విడతకు ఊడొచ్చింది. అడుగున మిగిలిన పల్చటి పొర కరిగి, గుండ్రటి నల్లటి కంత తెరుచుకుంది.

జయరాజు మోకాళ్ల మీద వంగి లోపలికి చూశాడు. చర్చికి ఆలస్యమవుతున్న పెద్దాయన కూడా, ఎందుకో, పక్కనే వంగారు.

"కదలట్లేదేంటి, బ్రదర్?"

"ష్. ఆగండి."

చాలాసేపటికి అడుగున ఒక ఎర్రటి తోక, బద్ధకంగా, ఒక్కసారి ఊగింది.

"అదిగో!" అని అరిచింది దైవాశీర్వాదం గారే.

"మీరు గుండిగ తీసుకుని పదండి" అన్నాడు జయరాజు తల ఎత్తకుండా. "ఇంకా పదకొండున్నాయి."