మిగిలిన ముద్ద

అరవైల మొదట్లో మాట, నాకప్పుడు ఏడేళ్లు. కావలి దగ్గర సముద్రం ఒడ్డు పల్లె మా అమ్మమ్మది. వేసవి సెలవులకి పన్నెండు మంది పిల్లలం అక్కడ చేరేవాళ్లం.

ఒకరోజు పొద్దున్నే ఎద్దుల బండిలో సముద్ర స్నానానికి పోయినాం. తిరిగొస్తా సరుగుడు తోట నీడలో కాసేపు ఆగినాం. ఆ చెట్ల హోరుకి నాకు కన్ను మూతపడింది. లేచి చూస్తే బండి లేదు, మనుషుల్లేరు. ఇంకా కల్లోనే ఉన్నాననుకుని ఇసుకలో గీతలు గీస్తా కూర్చున్నా. నీడ జరిగి అరికాళ్లు చుర్రుమన్నాక గానీ ఏడుపు రాలేదు.

ఇంతలో ఆ ఎండలో చెప్పుల్లేకుండా అమ్మమ్మ పరిగెత్తుకుంటా వచ్చింది. గుప్పిట్లో పప్పన్నం ముద్ద! ఇంట్లో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టి చేతుల్లో ముద్దలు పెడతా వస్తే, పన్నెండో ముద్దకి చెయ్యి లేదంట. అప్పటిదాకా మా అన్నల్లో ఒక్కడికీ నేను గుర్తు రాలేదు!

తిడుతుందనుకున్నా. "ముందు నోరు తెరువు పాపా" అనింది, రొప్పుతా.

దోవలో గాలికి పడిందేమో, ముద్దనిండా ఇసుకే. ఒక్క మెతుకు ఉమ్మకుండా మింగినాను.

ఇప్పటికీ అన్నంలో రాయి తగిలితే ఇంట్లో అందరూ విసుక్కుంటారు. నాకు మాత్రం సరుగుడు తోట హోరు వినపడతుంది.