ఆగి మళ్ళీ కదిలిన రాయి

మా అక్క పోయింది. పోయిన బుధవారం మా మేనమామ మాచర్ల నుంచి రైల్లో వచ్చి, నరసరావుపేటలో నేను పాఠాలు చెప్పే మిషను బడి గుమ్మంలో నిలబడి, "మూడు రోజులు జరమమ్మా. తెల్లారేసరికి మీ అక్క లేదు" అన్నాడు. సాయంత్రం రైలుకి వెళ్ళి మట్టి వేసి వచ్చాను. సమాధి దగ్గర పదిమంది కూడా లేరు. ఉన్నవాళ్ళలో ఇద్దరు "పాపం, పిచ్చిది" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఆ మాట ఆమెకి అంటుకోవడానికి సగం కారణం నేనే. అది చెప్పకుండా ఆమెని తలుచుకుని ఏడిస్తే అంతకన్నా సిగ్గుమాలిన పని ఇంకోటి లేదు.

మాది దుర్గి పక్కన చిన్న పల్లె. నాయన నాపరాతి గనిలో రాళ్ళు కొట్టేవాడు. అక్క అక్కడే కంకర కొట్టేది. నాకన్నా ఆరేళ్ళు పెద్దది, పెళ్ళి కాలేదు. మనిషి మొహంలోకి చూసేది కాదు. ఎదుటివాళ్ళు నవ్వుతున్నారో కోపంగా ఉన్నారో ఆమెకి పట్టుబడేది కాదు. "మొగం చూస్తే నాకేం తెలవదే. నడవమను, చెప్తా" అనేది. చెప్పేది కూడా. నాయన అంత దూరాన వస్తుండగానే, నడుం నొప్పితో వస్తున్నాడో, మేస్త్రీతో పోట్లాడి వస్తున్నాడో చెప్పి, దాన్నిబట్టి నీళ్ళు కాచేది. ఇవాళ మా బడిలో ఏ పిల్ల ఇంట్లో దెబ్బలు తిని వచ్చిందో నేను నడక చూసి పోల్చుకుంటున్నానంటే అది అక్క పెట్టిన భిక్ష.

కదిలే వస్తువులు కొన్ని ఆమె కంటికి ప్రాణంతో కనబడేవి. ఈ తీరుకి ఏం పేరుందో నాకు తెలియదు. ఒకసారి ఈదురుగాలికి అరుగు మీంచి నిమ్మకాయ ఒకటి దొర్లింది. కొంత దూరం పోయి ఆగింది. ఆగి, పక్కకి తిరిగి మళ్ళీ దొర్లింది. అక్క దాన్ని కొయ్యనివ్వలేదు. "ఇది బతికుందే అమ్మా, తిరిగింది చూడు" అని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అసలే నిమ్మకాయ, ఆపైన మాది క్రైస్తవుల ఇల్లు. పక్కింటివాళ్ళు చేతబడి అంటారేమోనని అమ్మ తెడ్డు విరిగేదాకా కొట్టింది. వీపు చిట్లి రక్తం కారుతున్నా అక్క నిమ్మకాయని వదల్లేదు.

అలాగని కదిలేవన్నీ బతికున్నవే అనేది కాదు. మాచర్ల స్టేషన్లో ఇంజను తోసి వదిలిన గూడ్సు పెట్టె పట్టాల మీద ఒంటరిగా దొర్లుకుంటూ పోతుంటే, "అది చచ్చిందే" అంది.

"పోతంది గదా అక్కా?"

"తోస్తే పోయేది పోను పోను నీరసపడుద్ది. బతికున్నదయితే ఆగుద్ది, మళ్ళా బుద్ధిపుట్టి లెగుద్ది."

ఆమె లెక్క అంతే. ఎన్నడూ తప్పలేదు. అది నవ్వులాటే అయిపోయింది మా ఇంట్లో, నాయన చచ్చిపోయేదాకా.

యుద్ధం రోజులవి. గనిలో మనుషుల్ని తప్పించకుండా మందు పేలిస్తే ఇద్దరు కూలీలు తునకలైపోయారు. పిడుగు పడిందని కంట్రాక్టరు రాయించాడు. నాయన పోలీసుల దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఇక కోర్టులో చెప్పాలి. ఆ వారం దాటలేదు.

గనిలోకి దిగే వాలు మొదట్లో, ఎడ్లని కట్టి రోడ్డు చదును చేసే రాతి గుండు ఒకటి చెక్కి పెట్టారు. నా నడుమంత ఎత్తు ఉండేది. వాలు కింద నాయన పనిలో ఉన్నాడు, పక్కనే అక్క. గుండు పైనుంచి దొర్లింది. సగం దారిలో ఆగింది. నాయన తలెత్తి చూశాడు. అక్క లేచి, "నాయనా, అది నిన్నే చూస్తంది!" అని కేక పెట్టింది. అలాంటి మాటలు ఆమె నోట పాతికేళ్ళుగా వింటున్న మనిషి. "చూడనీలే తల్లీ" అని నవ్వి సుత్తి ఎత్తాడు. గుండు మళ్ళీ కదిలింది. ఆయన్ని దుప్పట్లో మూట కట్టి తెచ్చారు. తల ఒక్కటే తలలాగా ఉంది.

నాయన చావు మీద నడిచిన కేసులో కంట్రాక్టరు వకీలు అక్కని కోర్టులో అడిగాడు. "రాయికి ప్రాణముందా అమ్మాయ్?"

"ఆ రాయికి ఉంది."

"నీకెట్టా తెలుసు?"

"నడిమజ్జన ఆగింది. ఆగి మళ్ళా బయల్దేరింది. తోస్తే పోయేవి అట్టా చెయ్యవు."

హాలంతా గొల్లున నవ్వింది. మతి స్థిమితం లేని సాక్షి అని రాసుకున్నారు. వాలులో ఆగిన రాయి మళ్ళీ ఎందుకు కదిలిందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు.

అడగకపోయినా చెప్పాల్సిన మనిషి ఆ హాల్లోనే ఉంది. నేను. ఆ పూట నాయనకి సంగటి తీసుకుని పైబాటన వస్తూ కళ్ళారా చూశాను. గుండుని తోసింది మేస్త్రీ. అది దారిలో ఒక బండకి తట్టుకుని ఆగిపోతే, రాళ్ళ దిబ్బ చాటున వంగి పరుగెత్తి, గునపం వేసి మళ్ళీ లేపాడు. కింద ఉన్న అక్కకి దిబ్బ అడ్డం, వాడు కనబడలేదు. నేను కనబడ్డాను వాడికి. సాయంత్రం శవం ఇంట్లో ఉండగానే వచ్చి, "నువ్వేం చూడలేదు గదమ్మాయ్? మీ అమ్మకి ఇక మిగిలింది మీరిద్దరే" అన్నాడు. కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టి, నేను అసలు గనికే వెళ్ళలేదని చెప్పాను.

ఆ తరవాత అక్కకి దయ్యం పట్టిందన్నారు. మా బంధువులే ఒక భూతవైద్యుణ్ణి తెచ్చారు. వాడు మిరపకాయల పొగ పెట్టి, చింతబరికెలతో కొడుతూ, "రాయికి ప్రాణం లేదని చెప్పు" అన్నాడు. అక్క దగ్గుతూ, కక్కుతూ, "ఉంది, ఆగింది" అనే అంది. మూడు బరికెలు విరిగాయి. ఆమె గింజుకోకుండా కాళ్ళు అదిమి పట్టుకున్నది నేను. వెనక్కి తగ్గితే నాకేదో తెలుసన్న అనుమానం వస్తుందని పట్టుకున్నాను.

ఇంతా చేసి, ఆమెని చూసి నవ్విన ఊరు ఆ గుండుకి మాత్రం ఎడ్లని కట్టలేదు. మనిషిని తిన్న రాయి అన్నారు, మళ్ళీ తింటుందన్నారు. వీళ్ళకి పిచ్చి లేదట. గుండు వాలు కిందే అలాగే పడి ఉంది. అక్క మాత్రం ప్రతి ఆదివారం ప్రార్థన అవగానే నాయన సుత్తి తీసుకుని అక్కడికి పోయేది. చేతులు పగిలేదాకా దాన్ని కొట్టేది. "ఆగినదానివి అట్నే ఉండగూడదా? ఎందుకు లేచావే?" అని అడుగుతూ కొట్టేది. ఆరేళ్ళు కొట్టింది. పిల్లలు చుట్టూ చేరి ఈలలు వేసేవాళ్ళు.

పోయిన వేసవి సెలవుల్లో ఇక మొయ్యలేక ఆమెకి చెప్పేశాను. నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండునని కూడా ఉంది. నేల వంక చూస్తూ అంతా విన్నది.

"మరి ఆగింది ఎందుకే?"

"బండ అడ్డం తగిలిందక్కా."

"మళ్ళా అదంతటది లెగవలేదా?"

"లేదు. వాడు గునపం వేసి లేపాడు."

"అయితే దానికేం తెలవదా?"

"తెలవదక్కా."

రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని, "ఊరికే కొట్టానే దాన్ని! ఇన్నేళ్ళు ఊరికే కొట్టానే!" అని గుండెలు పగిలేలా ఏడ్చింది. నాయన చచ్చిపోయిన రోజున కూడా అంత ఏడవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను అనాలన్న ఆలోచనే ఆమెకి రాలేదని నాకు అర్థమైనప్పుడు, నా బతుకు మీద నాకే అసహ్యం వేసింది.

పోలీసులకి చెప్తానని అక్కకి మాట ఇచ్చి, నాలుగు నెలలు సాగదీశాను. మళ్ళీ భయమే. స్వరాజ్యం వచ్చాక కంట్రాక్టరు ఖద్దరు తొడిగి సభల్లో దండలు వేయించుకుంటున్నాడు. మేస్త్రీ ఆయన వెనకే నిలబడుతున్నాడు. మొన్న సోమవారం వెళ్ళి, చూసిందంతా రాయించి, సంతకం పెట్టి వచ్చాను. అక్క పోయాక పెట్టిన సంతకం అది, దాని విలువ ఎంతో నాకు తెలుసు. రేపు నాకేమైనా అయితే ఎవరు చేశారో మీలో ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

ఆ వేసవిలో నేను నిజం చెప్పిన మర్నాడు పొద్దున్నే అక్క నీళ్ళ బిందె చంకన పెట్టుకుని గని వైపు నడిచింది. నేను వెనక వెళ్ళాను కానీ దగ్గరికి పోలేకపోయాను. గుండు పక్కన కూర్చుని, కొంగు తడిపి, రాయి మీద తను కొట్టిన గుంటలన్నీ కడిగింది. ఒక్కో గుంటలో వేలు పెట్టి, పసిబిడ్డ చెవి వెనక మురికి తీసినట్టు రాతిపొడి తీసింది. ఎండ నడినెత్తికి వచ్చింది. బిందె ఖాళీ అయ్యింది. ఆమె అరచెయ్యి రాయి మీదే ఉంది.