ఏడో చుక్క ఎక్కడ?

రేవులో ఆమెను అందరూ టేపక్క అంటారు. పడవల్లోంచి దిగిన చేపల్ని టేపుతో కొలిచి, ఎక్కడ పట్టారో అడిగి పుస్తకంలో రాయడం పదకొండేళ్లుగా ఆమె ఉద్యోగం.

ఆ ఉదయం ఆమె తమ్ముడి పడవలో ఒక టేకు చేప వచ్చింది. చాపలా పలచగా, తోక మీద ముల్లుతో ఉండే టేకులు ఆమెకు కొత్తేమీ కాదు. కానీ దీని వీపు మీద అరచేతంత తెల్లమచ్చ ఉంది. పరిశోధన కేంద్రంలో మేడం గీసిన సముద్రపటంలో, ఈ జాతి దొరికిన చోట్లకు పెట్టినవి ఆరే చుక్కలు. ఆరూ దక్షిణానే. వాటిలో రెండు టేపక్క పుస్తకంలోంచి ఎక్కినవే.

"ఎక్కడ పడిందిరా?"

"దీపస్తంభానికి ఎదురుగా అక్కా."

అది ఉత్తరాన ఉంది, అడుగంతా రాయి. మరి చేప పొట్టకు ఈ నల్లబురద ఎలా అంటింది? ఆ పడవ ఇంజను చూసే మామ "దక్షిణానే కదమ్మా" అన్నాడు. మరదలు "ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గరన్నారు వదినా" అంది. టేపక్క పుస్తకంలో చోటు గడిని ఖాళీగా వదిలేసింది.

మధ్యాహ్నం తమ్ముణ్ణి నిలదీస్తే నిజం చెప్పాడు.

"ఏటి మొగ దగ్గరే. అక్కడ వల వెయ్యకూడదుగా, నువ్వు రాస్తే లైసెన్సు పోతుంది. నువ్వడిగితే అందరం ఏదో ఒక చోటు చెబుతాం."

"అందరూనా? ఎప్పట్నించీ?"

"ఏమో అక్కా. నువ్వు చేరినప్పట్నించీ అనుకో."

ఆ రాత్రి ఆమె పదకొండేళ్ల పుస్తకాలూ అటక మీంచి దించింది. మర్నాడు పుస్తకాలన్నీ సంచిలో వేసుకెళ్లి, తమ్ముడి పేరు తప్ప అంతా మేడంకు చెప్పేసింది.

"నా రెండు చుక్కలూ తుడిచెయ్యండి మేడం."

"తుడిచేస్తే, అవి నిజమే అయితే?" అంది మేడం.

ఇక అడగడం కాదు, చూడాలనుకుంది టేపక్క. తమ్ముణ్ణి ఒప్పించి, వేట నిషేధం లేని చోట్లకు వారంపాటు తనూ పడవెక్కింది. ఆరు రోజులు వాంతులే మిగిలాయి. ఏడో రోజు, ఎవరూ చెప్పని చోట, లోతైన ఇసుక నేల మీంచి తెల్లమచ్చ టేకు ఒకటి వలలో పైకొచ్చింది. తమ్ముడు నోరెళ్లబెట్టాడు.

"ఒట్టు అక్కా, ఇక్కడ ఇవి ఉండవు!"

ఆమె కొలిచి, ఫొటో తీసి, ఆ చోటు ఎక్కడో పడవలోని జీపీఎస్ యంత్రంలో చూసి రాసుకుని, చేపను నీళ్లలోకి వదిలింది.

టేపక్క కళ్లారా చూసింది కాబట్టి మేడం ఆ చుక్కను సిరాతో పెట్టింది. మాట మీదే రాసిన ఏటి మొగ దగ్గరిదీ, పాత రెండూ పెన్సిలుతో. ఒకటి బురదలో, ఒకటి లోతు ఇసుకలో ఉండడంతో ఇప్పుడు పటం చూస్తే ఆ చేప ఎక్కడ బతుకుతుందో ఇదివరకటికన్నా తక్కువే అర్థమవుతోంది. టేపక్క మాత్రం వారానికోసారి పడవెక్కుతూనే ఉంది.