తొట్టిలో వేపాకు

మా మేడ మీద కిరాయికున్న అమ్మాయికి ఫిజిక్స్‌లో పరిశోధన సీటు రాలేదని అశోక్‌నగర్‌లో ఇప్పటికీ అంటారు. శుద్ధ అబద్ధం. 2011లో సీటొచ్చింది. వదిలేయించింది నేను.

ఆ అమ్మాయి బట్టలుతికే తొట్టిలో వేపాకు వేసి, దాని పక్కనుంచే నీళ్లలో వేలు సర్రున లాగేది. వెనక లేచిన అల ఆకును లాక్కుపోయేది.

"ప్లాస్మాల, అంటే ఎలక్ట్రాన్లు ఊడిన గ్యాసుల, లేజర్ గిట్లనే అల లేపుకుంట ఉరుకుతదక్కా. ఎలక్ట్రాన్ ఆ అల మీద సవారీ చేస్తది. ఎలక్ట్రాన్లను ఉరికించే కిలోమీటర్ల పొడుగు మిషన్ పని వేలెడు జాగల అయితది!"

"ఆ అల అన్నం పెడ్తదానే పిల్లా? సప్పుడు చేయక గ్రూప్స్ కోచింగ్‌ల చేరు" అన్నాను.

చేరింది. సర్కారు ఉద్యోగం వచ్చింది. గది ఖాళీ చేసిన రోజు తొట్టి దగ్గర ఆగి, నీళ్లలో వేలు ముంచి, కదపకుండానే తీసి చున్నీకి తుడుచుకుంది. "పోయొస్త అక్కా" అంది.

ఆ వేలు ఎందుకు కదపలేదు? నేను చూస్తున్నాననా?