ప్యానెల్ కింద ఆగిన తేనెటీగలు

పొద్దున మా సోలార్ పార్కులో ఒక ప్యానెల్ కింద తేనెటీగలు గుంపుగా వేలాడుతున్నాయి. ప్యానెళ్లు కడిగే మా అమ్మావాళ్లు భయపడ్డారు. అక్కడే ఆఫీసులో పనిచేసే నేను వెళ్లి గొప్పగా వివరించాను. తేనెపట్టు ఇరుకైతే పాత రాణీగ సగం ఈగలతో బయటికొస్తుందని, కొత్త చోటు దొరికేదాకా ఇలా ఆగుతాయని, వాటంతట అవే పోతాయని. నమ్మి ఆ వరుస కడగకుండా వదిలేశారు.

మధ్యాహ్నం సూపర్‌వైజర్ వచ్చి, “నీళ్లు కొట్టి తరమండి” అన్నాడు. పక్కనే ఉన్న నేను “సరే సార్” అన్నాను. పైపు పట్టింది అమ్మే. తడిసిన ఈగలు మట్టిలో పాకాయి.

ఇంటికొస్తుంటే అమ్మ అడిగింది: “పొద్దున మాకంత చెప్తివే పాపా, సారు ముందర ఆ నోరు యాడికి పోయింది?”

మా ఇంట్లో మొదట చదువుకున్నది నేనే. ఆ చదువు అమ్మ దగ్గర మాత్రమే గట్టిగా మాట్లాడుతుందని ఈ రోజు తెలిసింది. మీ చదువు ఎవరి ముందు మాట్లాడుతుంది?