నిమ్మకాయల కోసం తీసిన రాళ్లు

మొన్న రాయచూరు పక్కన యరమరస్ దారిలో, ఏటవాలున నిలిపిన బూడిద లారీ చక్రాల కింద రబ్బరు అడ్డాలు కనబడితే ఆటో ఆపించి దిగి, కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆటో డ్రైవరు నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఇన్నేళ్లయినా వాలులో లోడు బండి కనబడితే నా కాలు దానంతటదే బ్రేకు కోసం వెతుకుతుంది, ఏం చేయను.

కరెంటు ఫ్యాక్టరీ వచ్చి, దాని బొగ్గు బూడిద మోయడానికి రాయచూరోళ్లందరూ లారీల వెంట పడిన కాలం మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది. మా మేనమామ కూడా బజారులో నూనె దుకాణం ఎత్తేసి లారీ కొని, నన్ను డ్రైవరుగా పెట్టుకున్నాడు. తండ్రి లేని నన్ను పెంచింది ఆయనే, కొట్టిందీ ఆయనే. అన్నానికి ఆలస్యమైనా దెబ్బే, బండి ఆలస్యమైనా దెబ్బే. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదువా అన్నట్టుండేది మా ఇల్లు. అయినా ఆయన మీద నాకు పిచ్చి ప్రేమ.

మా షెడ్డు ముందు రోడ్డు బాగా వాలు. తడి బూడిద లోడుతో అక్కడ బండి నిలిపితే, ముందు చక్రాలు పక్కనున్న మట్టికట్ట వైపు తిప్పి, రివర్సు గేరులో వదిలి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాల కింద బండరాళ్లు తన్ని బిగించేవాణ్ణి.

ఆ ఏడు ఆయుధపూజకు మామ లోడు దింపనివ్వలేదు. ఖాళీ బండికి పూజ చేస్తే ఏడాదంతా ఖాళీగానే తిరుగుతుందని ఆయన నమ్మకం. ముందు చక్రాలకు వేసిన దండలు చక్కగా కనబడాలని పొద్దున్నే వాటిని నేరుగా పెట్టించాడు. తీరా చక్రాల కింద నిమ్మకాయలు పెట్టే వేళకు నా రాళ్లు అడ్డొచ్చాయి.

"ఏందిరా, అమ్మవారి దినం బండికి గిట్ల రాళ్లు అడ్డం పెడ్తవా? తియ్."

"లోడుంది మామా, పూజ అయినంక తీస్త," అన్నాను. అందరి ముందూ చెంప ఛెళ్లుమంది. ఆయనే గడ్డపార తీసుకుని రాళ్లు పెకలించాడు, పూజ కాగానే నిమ్మకాయల మీదుగా బండి కదలాలని ఆయనే ఎక్కి గేరు కూడా తీసేసి దిగి, బండి ముందు గుమ్మడికాయ కొట్టడానికి వంగాడు.

హ్యాండ్ బ్రేకు ఒక్కటీ ఎంతసేపు ఆపుతుంది? ముందు నిమ్మకాయలు చితికిన చప్పుడు, వెంటనే మామ కేక. పక్కకు దూకాడు గానీ కుడికాలు చక్రం కింద పడి మోకాలిదాకా నుజ్జయింది. బండి ఆగలేదు. వాలు కింద బజారులో జనం. నేను పరుగెత్తి తలుపు పట్టుకుని ఎక్కేలోపే అది ఒక ఎద్దును తొక్కేసి, టీకొట్టు తడికలను చీల్చుకుంటూ పోయింది; నేను ఎక్కి స్టీరింగు మట్టికట్ట వైపు తిప్పేసరికి మట్టిలో ముక్కు గుచ్చుకుని ఆగింది.

ఆపినవాణ్ణి నేనే, కానీ డ్రైవరు సీట్లో దొరికినవాణ్ణీ నేనే. టీకొట్టతను నెత్తురు కారుతున్న మొహంతో నా చొక్కా పట్టి కిందికి ఈడ్చాడు. తర్వాత ఎవరి కర్రో, ఎవరి చెప్పో తెలియదు. ఎద్దు తాలూకు మనిషి ఏడుస్తూనే నా డొక్కలో తన్నాడు. నోట్లో పన్ను విరిగి నాలుక మీద పడింది. ఎవరో రాయితో తల మీద కొడితే కళ్లు బైర్లు కమ్మాయి, చచ్చాననే అనుకున్నాను.

అప్పుడు వినబడింది మామ గొంతు. నుజ్జయి వేలాడుతున్న కాలు ఈడ్చుకుంటూ, చేతుల మీద పాక్కుంటూ వాలు దిగి వస్తున్నాడు. ఆయన వెనక రోడ్డంతా నెత్తురు. కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి అరిచాడు: "వాన్ని వదలుర్రి. రాళ్లు తీసింది నేను. కొట్టేదుంటే నన్ను కొట్టుర్రి."

ఎత్తిన చేతులు ఆగిపోయాయి. జీవితంలో ఇంట్లో ఎవరి ముందూ తప్పు ఒప్పుకోని మనిషి నడిబజారులో, గుంపు ముందు ఒప్పుకున్నాడు. ఆసుపత్రిలో కాలు తీసేశారు. ఆ మాట మళ్లీ మా మధ్య రాలేదు. చంకకర్ర వచ్చాక నన్ను దానితోనే పొడిచేవాడు, నాకు నవ్వొచ్చేది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు బండ్లకు మంచి బ్రేకులొచ్చాయి, రోడ్లు వెడల్పయ్యాయి. రోడ్డు మీద ఏదైనా జరిగితే గుంపు ఇప్పటికీ అలాగే కొడుతుంది, కొందరు ఫోన్లు పైకెత్తి పట్టుకుంటారు. ఆ దెబ్బలు తింటున్నవాడి కోసం పాక్కుంటూ వచ్చే మనిషి ఉన్నాడా అని నేను మాత్రం గుంపు వెనక్కి చూస్తాను. ఎవరూ కనబడరు.