తియ్ తియ్ తువ్వాలు

కోటిరత్నం కన్ను పడ్డాక తాలుకాయ దాక్కోలేదని చినమట్లపాలెంలో ఒక మాట ఉంది. పర్చూరు నుంచి చీరాల వైపు పోయే దారిలో, సముద్రపు గాలికి మిరప ఘాటు తోడై ఊరికే తుమ్ములొచ్చే చోట ఉంటుంది ఆ ఊరు. కోసిన మిరపకాయల్ని కల్లంలో ఎండబోశాక, రంగు పోయి తెల్లబడిన కాయల్ని ఏరి పక్కన పెట్టాలి. అవే తాలు. అవి మంచికాయలో కలిస్తే మిర్చి యార్డులో సరుకు పరువు పోతుంది. అందుకని ఆడవాళ్ళు ముఖానికి గుడ్డ చుట్టుకుని, ఎర్రటి రాశుల ముందు పొద్దుగూకేదాకా కూచుని ఏరతారు. సాయంత్రానికి చేతులు నిప్పుల్లో పెట్టినట్టు మండుతాయి. మజ్జిగలో ముంచుకుని పడుకుంటారు.

కోటిరత్నానికి నలభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పయ్యేళ్ళు తాలు ఏరడంలోనే పోయాయి. గంపెడు కాయల్లో ఒక్క తెల్లకాయ ఉన్నా మూడు బారల దూరం నుంచి పట్టేస్తుంది. అలాంటి మనిషిని కాగితాల్లో "నైపుణ్యం లేని కూలీ" అని రాసుకున్నారు. రాసినవాళ్ళని ఒక్క పూట ఆ కల్లంలో కూచోబెడితే తెలుస్తుంది, నైపుణ్యం లేనిది ఎవరికో.

ఆ కన్నే మార్చి మొదటి వారంలో ఒక పొద్దున సీతారామాంజనేయులు కల్లంలో పనంతా ఆపేసింది.

"ఆగండే! ఎవత్తి కాలు కదిపినా చంపుతా!"

పట్టా పరవబోతున్న ఆడవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఖాదర్‌బీ ఒంటికాలి మీద నిలబడింది. "పామా రత్నమక్కా? చెప్పు, నాకు పరిగెత్తడానికి టైం కావాలి" అంది.

"పాము కాదే, గుడ్లు. నీ బొటనవేలికి బెత్తెడు దూరంలో."

ఖాదర్‌బీ ఎంత చూసినా మట్టీ, గులకరాళ్ళూ తప్ప ఏమీ కనపడలేదు. కోటిరత్నం పుల్లతో చూపించాక నాలుగు రాళ్ళు నాలుగు గుడ్లయ్యాయి. మట్టిరంగు మీద నల్లమచ్చలు, మొనలన్నీ లోపలికి తిప్పి, పళ్ళెంలో సర్దినట్టున్నాయి. గూడు లేదు, గడ్డి లేదు, ఉత్త నేల. అప్పుడే నెత్తి మీదుగా ఒక పిట్ట దూసుకొచ్చింది. పొడుగాటి పసుపుపచ్చ కాళ్ళు, కళ్ళ ముందు ఎర్రటి తోలు, గొంతు చూస్తే లౌడ్‌స్పీకరు.

తీ-తీ-తువ్వు! తీ-తీ-తువ్వు!

"అమ్మో తీతువు!" అని ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. తీతువు కూస్తే ఊళ్ళో చావు తప్పదని చిన్నప్పట్నుంచీ విన్నదే. కోటిరత్నం మాత్రం కొత్త కోడలికి స్వాగతం చెబుతున్నట్టు మొహం వెలిగించుకుని నిలబడింది.

ఆమెకి పిట్టల పిచ్చి పట్టి అప్పటికి ఏడాదే అయింది. పోయినేడు జనవరిలో బాపట్ల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఉదయశ్రీ, సముద్రానికి వాగు కలిసే మొగ దగ్గర వలస పిట్టల్ని లెక్కపెట్టడానికి వచ్చింది. రొయ్యల చెరువుల గట్టు మీద దారి తప్పి, కట్టెలు ఏరుకుంటున్న కోటిరత్నాన్ని అడిగింది. దారి చూపించడానికి వెళ్ళిన కోటిరత్నం, ఆ లెక్క చూసి ఊరుకోలేకపోయింది. మూడుకాళ్ళ దుర్భిణిలో ఒంటికన్ను పెట్టి ఉదయశ్రీ తంటాలు పడుతుంటే, చెయ్యి అడ్డం పెట్టుకుని, "బూడిదరంగువి నలభై ఒకటి. వాటిల్లో ముక్కు పైకి వంగినవి మూడున్నాయి చూడమ్మా, అవి వేరే జాతి" అంది. ఉదయశ్రీ మళ్ళీ లెక్కపెట్టింది. నలభై ఒకటి. పైకి వంగిన ముక్కులు మూడు.

"ఎలా కనిపెట్టారు రత్నంగారూ?"

ఆ "గారు" ఎవరా అని కోటిరత్నం వెనక్కి తిరిగి చూసింది. వెనక ఎవరూ లేరు. ఒక గేదె ఉంది.

"ఏముందమ్మా, తాలు ఏరినట్టే" అంది. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మండే చేతుల సంగతి మర్చిపోయి, నాలుగిళ్ళకి వినబడేలా నవ్వుకుంది. అప్పట్నుంచి ఆమె ఫోన్ నిండా పిట్టలే. సగం ఫొటోల్లో పిట్ట ఉండదు, అది ఎగిరిపోయిన కొమ్మ ఉంటుంది. "ఇక్కడే ఉండిందే" అని అందరికీ ఆ కొమ్మే చూపిస్తుంది.

ఇప్పుడు పిట్టే తన పనిలోకి నడిచొచ్చింది. కానీ సీతారామాంజనేయులికి ఆ సంతోషం లేదు. అరవై దాటిన రైతు ఆయన. పోయినేడు మిరప ధర పడిపోయినప్పుడు "ఇక నెత్తిన గుడ్డేసుకోవాల్సిందే" అన్నాడు. అన్నవాడు ఊరుకోలేదు, నిజంగానే వేసుకున్నాడు. భుజం మీద ఉండాల్సిన తువ్వాలు ఆనాడు నెత్తికెక్కి మళ్ళీ దిగలేదు. ఎండకంటాడు. పొద్దుగూకాక కూడా ఎండేనా అని ఎవరూ అడగరు.

"నా కల్లమే దొరికిందా ఈ చావుకూతల పిట్టకి?" అన్నాడాయన. "రేపు పొద్దున్నే ట్రాక్టరొస్తంది. ఆ మూలదాకా చదును చేసి కల్లం పెంచాలి. ఈలోగా ఆ గుడ్లు తీసి అవతల పారెయ్ రత్నం."

"దానికి వేరే చోటేది బాబాయ్? గులకరాళ్ళ బీడు ఉన్నన్నాళ్ళూ అక్కడే పెట్టుకుంది. దాన్ని వెంచర్ వేసి, రంగురాళ్ళు పాతి అమ్ముకున్నారు. అటు సముద్రం పక్కనంతా రొయ్యల చెరువులే. మిగిలిన ఖాళీ నేలేదంటే మన కల్లమే."

"అయితే నేనేమన్నా పిట్టలకి ఇళ్ళస్థలాలు పంచుతానన్నానా?"

ఆడవాళ్ళు నవ్వారు. కోటిరత్నం నవ్వలేదు. ఉదయశ్రీకి ఫోన్ చేస్తే, "కదపకండి, చోటు మారిస్తే తల్లి గుర్తుపట్టదు. పొదగడానికి ఇరవై ఎనిమిది రోజులు. పెట్టి ఎన్నాళ్ళయిందో మనకి తెలీదు కదా" అంది. ట్రాక్టరు మాత్రం రేపే.

సాయంత్రం పని దిగేటప్పుడు కోటిరత్నం ఒక ఉపాయం చేసింది. చీకట్లో వచ్చినా డ్రైవరు కంటికి ఆనాలని, ఆ రోజు ఏరిన తాలుకాయలు దోసెడు తెచ్చి, గుడ్ల చుట్టూ గుండ్రంగా వరస పెట్టింది. నల్లమట్టి మీద తెల్లటి గీత. పొద్దున్నే తనే ముందొచ్చి ట్రాక్టరుని పక్కకి తిప్పుదామనుకుంది.

కానీ ట్రాక్టరు నడిపే వీరబాబు ఆమె కంటే ముందొచ్చాడు. హెడ్‌లైట్ల వెలుగులో ఏం కనపడింది? ఎండుమిరపకాయల ముగ్గు. ముగ్గు నడుమ నాలుగు గుడ్లు. ఇక చెప్పాలా! ఇంజను ఆపకుండా దూకి, ఒక చెప్పు అక్కడే వదిలేసి ఊళ్ళోకి పరిగెత్తాడు.

కోటిరత్నం వచ్చేసరికి కల్లం చుట్టూ సగం ఊరుంది. "చేతబడి" అన్న మాట ఒక నోట్లోంచి ఇంకో నోట్లోకి దూకుతోంది. ఆమెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత మొహాలు చూసి నవ్వు ఆగిపోయింది. ఆ మాట నవ్వులాట కాదు. భూమి లేని ఆడదాని మీద పడితే పని పోతుంది, ఊరూ పోతుంది. నోరు మూసుకుని గుంపులో నిలబడితే తన పని నిలుస్తుంది. కానీ ఎవడో ఒకడు రాయి తీసుకుని గుడ్లు చిదిమేస్తాడు. కోటిరత్నం గుంపుని తోసుకుని ముందుకొచ్చింది.

"నేనే పెట్టా."

అందరూ ఒక అడుగు వెనక్కేశారు. సీతారామాంజనేయులు నెత్తి మీది తువ్వాలు సర్దుకున్నాడు. "నీకేం అన్యాయం చేశానే రత్నం, నా కల్లంలోనే చేతబడి చేస్తావా?"

సమాధానం ఖాదర్‌బీ చెప్పింది. "బాబాయ్, కాస్త వంగి చూడండి. అది తాలు. చేతబడికి ఎవత్తైనా తాలుకాయ పెడుతుందా? మంచికాయ పెడితేనే పనిచేస్తుందో లేదో తెలీదాయె!"

సీతారామాంజనేయులు వంగి చూశాడు. ఒక కాయ తీసి విరిచాడు. ఇంకోటి తీశాడు. నిజమే, అన్నీ తాలే. మొహం ఇంకా వాడిపోయింది.

"ఇంత తాలు నా చేలోదేనా?"

ఎవరో కిసుక్కుమన్నారు. అంతలో ఆ వంగిన నెత్తి చూసి తీతువుకి మండింది. గుడ్ల మీదికి ఇంత పెద్ద గుడ్డ వంగితే ఏ తల్లి ఊరుకుంటుంది? పైనుంచి బాణంలా దిగింది.

తీ-తీ-తువ్వు!

"చావుకూత! చావుకూత!" అంటూ వీరబాబు ట్రాక్టరు కిందికి దూరాడు.

"చావుకూత కాదురా సన్నాసీ, సరిగ్గా విను!" కోటిరత్నం నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాబాయ్, మీరే చెప్పండి, అది ఏమంటోంది? ఇంతమంది ఉండగా మీ వెంటే ఎందుకు పడింది? తియ్ తియ్ తువ్వాలు! తియ్ తియ్ తువ్వాలు!"

మళ్ళీ కూసింది. ఈసారి ఊరంతటికీ అలాగే వినబడింది. ఒకసారి అలా విన్నాక మరోలా వినడం ఎవరివల్లా కాదు. పిట్ట దూకడం, సీతారామాంజనేయులు వంగడం, పిట్ట లేవడం, ఆయన లేవడం, కల్లం చుట్టూ రెండు ప్రదక్షిణాలైపోయాయి. మూడోదాంట్లో పట్టా అంచు కాలికి తగిలి తూలిపడబోయాడు. తువ్వాలు జారి మట్టిలో పడింది. ఆయన అలా పక్కకి తప్పుకోగానే, పిట్ట దిగి, కాళ్ళు మడిచి, ఏమీ ఎరగనట్టు గుడ్ల మీద కూచుంది.

అంతే. కల్లం పగిలేలా నవ్వు. వీరబాబు ట్రాక్టరు కింద నుంచే నవ్వాడు. ఏడాది తర్వాత గాలి తగిలిన బట్టతల నిమురుకుంటూ సీతారామాంజనేయులు తువ్వాలు కేసి చూశాడు. తీసుకున్నాడు. దులిపాడు. నెత్తికి పోబోయిన చెయ్యి సగంలో ఆగి, భుజం మీదికి తిరిగింది.

"మా ఆవిడా ఇదే మాట ఏడాదినించి చెప్తోంది" అన్నాడు, ఎవరికీ కాకుండా. ఆ తర్వాత గొంతు పెంచి, "ఒరేయ్ వీరబాబూ, బయటికి రా! బండి ఈ పక్కనించి తిప్పు. ఆ తాలు ముగ్గు తొక్కావో, నీ రెండో చెప్పు కూడా ఇక్కడే ఉంటుంది!" అన్నాడు.

అలా ఎర్రటి కల్లం మధ్యలో బొడ్డులాగా ఒక మట్టి వలయం మిగిలింది. ఎండ ముదిరాక మగపిట్ట కాలవకి పోయి పొట్ట తడుపుకుని వచ్చేది. ఆడది లేస్తే అది కూచుని గుడ్లు చల్లబరిచేది. అది చూసి ఆడవాళ్ళకి పని సాగితే ఒట్టు.

"మా ఆయన ఏనాడన్నా గ్లాసెడు నీళ్ళు తెచ్చాడా?" అంది ఖాదర్‌బీ. "తీతువు మొగుణ్ణి చేసుకున్నా బాగుండేది."

సీతారామాంజనేయులు పిట్ట కోసమని ఓ బేసిన్ నిండా నీళ్ళు పెట్టించాడు. కోటిరత్నం ఆ బేసిన్ పక్కనే చతికిలబడింది. "పిట్టకి నీళ్ళు పెట్టారు, చల్లగా ఉండండి బాబాయ్. మేమూ రెండు కాళ్ళవాళ్ళమేగా? ముప్పయ్యేళ్ళనించీ ఇంటినించి సీసా తెచ్చుకుంటన్నాం. ఎండలో కూచుంటన్నాం. మాకూ గుడ్లు పెట్టమంటారా?"

మర్నాడు నీళ్ళ క్యాన్ వచ్చింది. మూడో రోజుకి నాలుగు గుంజల మీద ఆకుపచ్చ నెట్ పందిరి లేచింది. అది పక్క కల్లాల ఆడవాళ్ళు చూశారు. వారం తిరక్కుండా వాళ్ళూ అడిగారు. పందిరి ధర్మం కాదు, హక్కు. అది గుర్తు చెయ్యడానికి ఒక పిట్ట రావాల్సొచ్చింది, అంతే. ఇక చావుకూత సంగతంటారా, ఆ నెలంతా ఊళ్ళో ఒక్క చావు లేదు. ఉన్న ఒక్క జబ్బుమనిషీ, తీతువుని చూడాలని మంచం దిగి నడిచొచ్చాడు.

ఇరవై మూడో రోజు పొద్దున వలయంలో పెంకులే ఉన్నాయి. తీతువు పిల్లలు పుట్టిన పూటే నడుస్తాయి. తల్లి కాలవ గట్టు మీద నిలబడి ఒకటే కేకలు. దాని కాళ్ళ దగ్గర మూడు పిల్లలు. కోటిరత్నం మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగోది ఏది? అవతల కాయని గోనె టిక్కీల్లో పోసి కాళ్ళతో తొక్కే పని మొదలైంది. ఆ కాయలో ఉంటే?

ఆమె నోరు తెరిచేలోపే సీతారామాంజనేయులు అరిచాడు.

"ఆగండ్రా! ఎవడు కాలు కదిపినా చంపుతా!"

కల్లంలో అందరూ మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఎటు చూసినా ఎరుపే. అందరూ పిట్టని వెతుకుతున్నారు. కోటిరత్నం పిట్టని వెతకలేదు. ముఖానికి గుడ్డ చుట్టుకుని, రోజూ కూచున్నట్టే కూచుని, తాలు వెతికింది. ఎరుపు, ఎరుపు, ఎరుపు, తెలుపు. ఒక గింజంత తెలుపు. పిల్ల మెడ వెనక పట్టీ అది. రెండు తేజారకం మిరపకాయల మధ్య ఇరుక్కుని, ఊపిరి బిగబట్టుకుని ఉంది. కాయలు ఒక్కటొక్కటిగా తప్పించింది. దారి దొరకగానే పిల్ల తుర్రుమని, ఖాదర్‌బీ ఒళ్ళో నుంచి ఒక గెంతు గెంతి, గట్టెక్కి తల్లి పొట్ట కింద దూరింది.

కేకలూ, చప్పట్లూ, వాటితో పాటు తుమ్ములూ. ఆ గోలలోనే కోటిరత్నం ఉదయశ్రీకి ఫోన్ కలిపింది. మండే చేత్తో కళ్ళు తుడుచుకుందేమో, నీళ్ళు ధారకట్టాయి. నవ్వూ ఆగడం లేదు.

"రత్నంగారూ, ఏమైంది? ఏడుస్తున్నారా?"

"కారం మేడమ్, కారం! రాసుకోండి. నాలుక్కి నాలుగూ మంచికాయే. తాలు లేదు!"